డజను బంగారు పురుగులు

ఉరుము ఉరిమితే జనం "అర్జునా, ఫల్గుణా" అని తలుచుకుంటారు. మరి రాజకుమారి ఉరిమితే, పాపం, ఆవిడ మొగుడు ఫల్గుణ ఎవర్ని తలుచుకోవాలి?

"మావా, బేగి లే! గులాబీలకి నీళ్లు!"

అరకు చలిలో, తెల్లారకుండానే రగ్గు వదిలి, గెడ్డలో పారే నీళ్లు ముంచి బిందెలు మొయ్యడమంటే మాటలా? ఫల్గుణకి ఆస్తంటూ ఉంటే అది తెల్లవారుజాము నిద్రే. దాన్ని కాస్తా ఆ గులాబీలు గుటుక్కున మింగేస్తున్నాయి. పువ్వులుంటేనే కదా ఈ నీళ్ల గోల, అనుకున్నాడు. బుర్రలో బల్బు వెలిగింది.

స్నేహితుడు సుక్రు పెరట్లో ఆకుపచ్చగా తళతళలాడే బంగారు పురుగులున్నాయి. పూలు కనిపిస్తే వాటికి పెళ్లిభోజనమే. కొన్నిటిని దొంగచాటుగా తెచ్చి, సాయంత్రం గులాబీల మీద వదిలేశాడు ఫల్గుణ.

వారం తిరక్కుండా పూలన్నీ జల్లెళ్లయ్యాయి. ఫల్గుణ మొహానికి విచారం పులుముకుని వచ్చాడు.

"ఎంత పనైపోనాది గుంటా! పోన్లే, మొక్కలు పీకి పారేద్దాం. ఇంక నీళ్లు దండగ."

రాజకుమారి నెత్తీ నోరూ బాదుకుంది. "ఎక్కడ్నించి ఊడిపడ్డాయో మావా! ఒకటా, రెండా? వందలున్నాయి!"

"వందలేటే?"

"వందలు కాదు, వెయ్యి!"

అబద్ధం వింటే ఫల్గుణకి ఒళ్లు మండుతుంది, తను ఆడింది తప్ప. "వెయ్యేటి, నీ మొహం! నాను తెచ్చిందే డజనైతే!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఏం లాభం?

రాజకుమారి ఉరమలేదు. ఉరమకపోయేసరికి ఫల్గుణకి ఇంకా భయమేసింది.

"డజనేనా?" అంది తియ్యగా. "అయితే ఏరేయొచ్చు. ఎండెక్కితే ఎగిరిపోతాయి, మంచుకి బిగుసుకుని ఉన్నప్పుడే పట్టాల. రేపట్నుంచి కోడి కుయ్యకముందే లే. డజనూ దొరికేదాకా నీకు రగ్గు లేదు. ఎలాగూ లేస్తావు కదా, ఆ సేత్తోనే నీళ్లు కూడా పోసెయ్."

పళ్లు టకటకలాడిస్తూ, ఒక్కో పువ్వూ విప్పి చూసుకుంటూ, నానా తంటాలు పడి పదకొండు పట్టాడు. పన్నెండోది మాత్రం ఎంతకీ చిక్కదు.

"దొరికిందేటి మావా?" లోపల అతని రగ్గు కప్పుకుని వెచ్చగా పడుకున్న రాజకుమారి కేకేసింది.

"లేదే!"

"బాగా ఎతుకు! ఎక్కడికి పోద్ది?"

అని, తలగడ కింద నుంచి, లోపల గరగరమంటున్న అగ్గిపెట్టె తీసి, అందులో ఇంకో గులాబీ రేకు వేసి, చప్పుడు కాకుండా మూసేసింది.