కర్ర చివర చొక్కా

ఆదివారం పొద్దున్న ఆరింటికే దర్జీ గాలం కర్రలు గుమ్మం దగ్గర చేర్చి, పెళ్ళాన్నీ కూతుర్నీ తొందరపెట్టడం మొదలుపెట్టాడు. నిజానికి చేపల మీద ఆయనకంత మోజేమీ లేదు. రేవు దగ్గర సముద్రంలోకి రెండు రాతిగోడలు సాగి ఉంటాయి, నడుమ పడవలు వచ్చిపోయే దారి. ఆదివారమైతే ఇటు గోడ మీద దర్జీ, అటు గోడ మీద ఆయన బావ పోస్ట్‌మాన్ కూర్చుంటారు. ఇద్దరికీ మాటల్లేక నాలుగేళ్ళయింది. వారానికోసారి బావను అంత దూరాన్నుంచైనా చూసుకోవడానికే దర్జీ సముద్రానికి పోతాడు. ఈ సంగతి ఆయన భార్యకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకు తెలియదు.

నాలుగేళ్ళ క్రితం బావ మోచెయ్యంత చేపను పట్టి అందరికీ చూపించుకుంటుంటే, దర్జీ నోరు ఊరుకోలేదు. "అది గాలానికి తగలకముందే చచ్చింది బావా" అన్నాడు. గోడ మీద జనమంతా నవ్వారు. బావ బకెట్ పట్టుకుని అటు గోడకు వెళ్ళిపోయాడు. బావ భార్య, అంటే దర్జీ చెల్లెలు, అన్నగారింటికి వెళ్ళివస్తూనే ఉంది గానీ, ఆ మగవాళ్ళిద్దరి మధ్యా తలదూర్చి తల బొప్పి కట్టించుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

ఈ ఆదివారం పక్కింటి ఎలక్ట్రీషియన్ కూడా వెంట వచ్చాడు. గోడ మీద కాస్త చదునుగా ఉన్న రాయి చూసి కూర్చోబోయాడు.

"అక్కడ సంచి ఉంది" అన్నాడు దర్జీ.

"సంచి తీసి కింద పెడితే సరిపోతుందిగా."

"దాన్ని కదపకు."

అది బావ కూర్చునే రాయి. నాలుగేళ్ళుగా దాని మీద సంచి తప్ప ఇంకెవరూ కూర్చోలేదు.

ఎర కోసం డబ్బా మూత తీస్తే లోపల రొయ్యలకు బదులు ఇత్తడి గుండీలు తళతళలాడాయి. బ్యాండ్ మాస్టరు కోటుకు కుట్టాల్సినవి. ఇంటి ముందుగదే దుకాణం కావడంతో, ఒకేలాంటి బిస్కెట్ల డబ్బాలు రెండూ అక్కడే బల్ల మీద ఉన్నాయి.

"ఏ డబ్బా పెట్టావే?"

"సంచి సర్దింది మీరే" అంది భార్య. "రొయ్యలు ఇప్పుడు కోటు పక్కన ఎండలో ఉండుంటాయి."

"మెరుస్తున్నాయిగా నాన్నా, వీటికి కూడా చేపలు వస్తాయేమో" అంది పదేళ్ళ కూతురు.

మరో దారి లేక దర్జీ ఒక గుండీని గాలానికి గట్టిగా కట్టి, కర్రను వెనక్కి ఎత్తి బలంగా విసిరాడు. కొక్కెం నీళ్ళలోకి పోలేదు. వెనక ఏదో బరువైనది తగిలినట్టై, ఇంకా గట్టిగా లాగాడు.

"నాన్నా, అది నీ చొక్కా" అంది కూతురు.

చూద్దామని గిర్రున తిరిగాడు. కాలి కింద నాచు. నడుములోతు నీళ్ళలో చతికిలపడ్డాడు. ఎలక్ట్రీషియన్ చెయ్యందించి పైకి లాగాడు. భార్య కొక్కెం ఊడదీసి, చొక్కా విప్పించి, పిండి, ఒక కర్ర చివర కట్టి, ఆ కర్రను రాళ్ళ సందులో నిలబెట్టింది. దర్జీ బనియన్‌తో వణుకుతూ అలవాటుకొద్దీ అటు గోడ వైపు చూశాడు.

బావ లేచి నిలబడి ఉన్నాడు.

దర్జీ చూపు కర్ర చివరి చొక్కా మీదికి పోయింది. వెనకటి రోజుల్లో వాళ్ళకొక పద్ధతి ఉండేది. ఎవరికి చేపలు పడుతుంటే వాళ్ళు కర్ర చివర గుడ్డ కట్టాలి, రెండోవాడు సామాను సర్దుకుని రావాలి. అదిగో, బావ బకెట్ అందుకున్నాడు. నాలుగేళ్ళలో ఆయన చోటు మారడం ఎవరూ ఎరగరు కాబట్టి, ఆ గోడ మీది పదిమందీ ఆయన వెనకే బయల్దేరారు.

"చొక్కా దించు, చేపలు పడుతున్నాయనుకుంటున్నాడు."

"తడి ఆరలేదు" అంది భార్య.

"ఇక్కడ ఒక్క చేపా లేదే. మళ్ళీ ఎగతాళి చేశాననుకుంటే జన్మలో రాడు."

"తడి ఆరలేదండీ" అందామె మళ్ళీ.

దించేస్తే బావ దారిలోనే వెనక్కి తిరుగుతాడు. ఆ మాట తలచుకోగానే దర్జీకి చెయ్యి ఆడలేదు. రేవు చుట్టూ తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఆలోగా ఎలక్ట్రీషియన్ ఒడ్డుకు చేరిన పడవ దగ్గరికి పరుగెత్తి చేపను కొనుక్కొచ్చాడు.

"బతికున్నది దొరకలేదు" అన్నాడు రొప్పుతూ.

దాన్ని గాలానికి తగిలించి నీళ్ళలోకి దించేసరికి బావ రానే వచ్చాడు. జుట్టు నెరిసింది. చొక్కా కాలరు ఎవరో చేతకానివాడు వంకరగా కుట్టాడు. నాలుగేళ్ళుగా బావ చొక్కాలు ఇంకెవరో కుడుతున్నారన్నది దర్జీకి అప్పుడే తట్టింది.

బావ గాలం కర్ర అందుకుని పైకి లాగాడు. చేప నిశ్చలంగా వేలాడింది. వేలితో దాని మొప్ప ఎత్తి చూశాడు. వెనక పదిమందీ మెడలు సాచారు.

"ఇప్పుడే పడింది" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"కాదు బావా" అన్నాడు దర్జీ. "పడవ దగ్గర కొన్నది. చొక్కా ఆరేసిందే గానీ చేపల్లేవు. నువ్వొచ్చి, మళ్ళీ వెళ్ళిపోతావని భయపడ్డాను."

బావ చేపను కొక్కెం నుంచి ఊడదీశాడు.

"నాదీ చచ్చిందే" అన్నాడు. "ఆ రోజు నీళ్ళమీద తేలుతుంటే లాగాను. నీకెలా తెలిసిందా అని ఒళ్ళు మండింది."

"నాకేం తెలుసు. ఊరికే అన్నాను."

"ఊరికేనా?"

"ఊరికే. మరి నాలుగేళ్ళూ ఎందుకు రాలేదు?"

"నువ్వు గుడ్డ కడతావని చూశాను" అన్నాడు బావ. "ఆ సంచి తియ్యి."

దర్జీ సంచి తీశాడు. బావ తన రాయి మీద కూర్చుని, ఎర ఏం వాడుతున్నావని అడిగాడు. గుండీలని చెబితే, తలూపి ఒకటి ఇమ్మని చెయ్యి చాచాడు. భార్య చొక్కా తాకి చూసి, ఆరిందని చెప్పి దించింది. చేపల్లేవని తేలడంతో పదిమందీ గొణుక్కుంటూ అటు గోడకు వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం ఆ గోడ మీద మొత్తానికి ఒక్క చేపే పడింది, అదీ రెండోసారి.