చెరువు లోతు మార్చిన మంత్రిగారు

"ఈ ఎండాకాలం సెలవుల్లో పసిపిల్లలకు నీటి ప్రమాదాలు జరగడానికి ప్రభుత్వం ఎంతమాత్రం అనుమతి ఇవ్వదు" అని బాలల భద్రత, కుటుంబ వినోద శాఖ మంత్రిగారు ప్రకటించారు. పేపర్లో మొదటి పేజీలోనే వేశారు. అది చదివి మా చెరువు గట్టు మీదున్న వాళ్ళమంతా హమ్మయ్య అనుకున్నాం. ఇన్నాళ్ళూ ప్రమాదాలు ఎవరి అనుమతీ లేకుండా వాటి ఇష్టం వచ్చినట్టు జరిగిపోతున్నాయి. ఇకనుంచి వాటికీ ఒక పద్ధతంటూ వస్తుందన్నమాట.

ఆ గట్టు మీదే నాకు కూల్‌డ్రింకుల కొట్టుంది. సెలవులొస్తే ఊళ్ళోవాళ్ళే కాక ఎక్కడెక్కడివాళ్ళో పిల్లాపాపలతో మా చెరువుకొస్తారు. పక్క పట్నంలో ఉండే మా అమ్మాయి కూడా తన కూతుర్ని సెలవులకి నా దగ్గరికే పంపుతుంది. అది తెల్లారితే నీళ్ళలో ఉంటుంది, ఆకలేస్తే కొట్లో ఉంటుంది.

మా చెరువు సంగతి ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మెట్లకి కుడివైపు ఎంత లోపలికి నడిచినా నీళ్ళు మోకాలు దాటవు. ఎడమవైపు ఒకప్పుడు ఇసుక తవ్వుకుపోయారు. అటు దిగితే రెండడుగులు వేసేదాకా నేల ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. అందుకే ఎడమవైపు 'ప్రమాదం, లోతు ఎక్కువ, దిగరాదు' అని ఎర్రబోర్డూ, కుడివైపు 'పిల్లలకు సురక్షితం' అని పచ్చబోర్డూ ఎప్పటినుంచో ఉన్నాయి. బయటినుంచి వచ్చేవాళ్ళకి ఆ రెండు బోర్డులే దిక్కు.

మంత్రిగారు తమ జలభద్రతా పక్షోత్సవాలు ప్రారంభించడానికి మా చెరువునే ఎంచుకున్నారు. ఉపన్యాసంతో సరిపెట్టే రకం కాదాయన. స్వయంగా నీళ్ళలోకి దిగి, మునిగిపోతున్న పిల్లవాణ్ణి కాపాడి చూపిస్తానన్నారు. మునిగే పిల్లవాడి పాత్రకి పార్టీ యువజన విభాగం నాయకుణ్ణి తీసుకున్నారు. ఆయనకి ముప్పై దాటి చాలాకాలమైనా మనసు పసిపిల్లవాడిదేనట.

ముందురోజు భద్రతాధికారీ, మంత్రిగారి ప్రచార సలహాదారూ స్థల పరిశీలనకి వచ్చి నా కొట్టు ముందు కుర్చీలేసుకుని కూచున్నారు.

"సార్ ఎక్కడ దూకితే బాగుంటుంది?" అన్నాడు సలహాదారు.

"ఎడమవైపేనండి. మంచి లోతుంది. కాపాడినట్టుంటుంది" అన్నాడు అధికారి.

"సార్‌కి ఈత వచ్చా?"

"రాదనుకుంటానండి."

"అయితే కుడివైపు."

"కుడివైపు మోకాలి లోతే. పైగా 'సురక్షితం' అని బోర్డుంది. అది టీవీలో పడుతుంది. సురక్షితమైన చోట కాపాడితే జనం నవ్వరూ?"

ఇద్దరూ చెరువు వంక చూశారు. ఇంత చెరువుండీ మంత్రిగారికి పనికొచ్చే లోతు ఒక్కటీ లేకపోయిందే అని వాళ్ళ బాధ. చివరికి సలహాదారుకే తట్టింది.

"చెరువుని మార్చలేం. బోర్డులు మార్చొచ్చు కదా."

అధికారి కళ్ళలో భక్తి కనిపించింది. "ఎర్రబోర్డు కుడివైపు పెడతాం. మరి ఎడమవైపో?"

"అటు పచ్చది పెట్టించండి. ఖాళీగా ఉంటే ఫ్రేమ్ బాగుండదు."

నేను కల్పించుకుని, "అయ్యా, ఎడమవైపు మనిషి మునిగే లోతండి" అన్నాను.

"తెలుసయ్యా. ఒక్క పూటే కదా" అన్నాడు అధికారి.

కార్యక్రమం కన్నుల పండువగా జరిగింది. మంత్రిగారు లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ వేసుకుని 'ప్రమాదం' బోర్డు పక్కనుంచి వెనకా ముందూ చూడకుండా దూకారు. నీళ్ళు మోకాలి దాకా వచ్చి ఆగిపోయాయి. ఆయన గొంతుక్కూచుని, మెడదాకా ముంచుకుని ముందుకు సాగారు. యువనేత మునగడానికి శతవిధాలా ప్రయత్నించాడు గానీ పొట్ట తేలిపోతూ ఉంది. పాపం, బోర్లా పడుకుని ఎలాగో కానిచ్చాడు. ఆయన బరువు మంత్రిగారికి ఆగలేదు. చివరికి మునిగినవాడే కాపాడేవాణ్ణి భుజాన వేసుకుని ఒడ్డుకి తెచ్చాడు. టీవీలో ఆ ముక్క తీసేశారు.

అంతా అయ్యాక సలహాదారుకి ఇంకో ఆలోచన వచ్చింది. ఎలాగూ వచ్చారు కదా అని రెండు బోర్డులకీ మంత్రిగారి నవ్వుతున్న ఫోటోలు అతికించి, పరదాలు కట్టి, ఆయన చేతే తాడు లాగించాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాడు అధికారి దగ్గరికెళ్ళాను.

"ఒక్క పూట అయిపోయింది కదండీ. బోర్డులు మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టించండి."

"మంత్రిగారి చేతుల మీదుగా ఆవిష్కరించిన బోర్డయ్యా అది. నేను దాన్ని పీకితే వాళ్ళు నన్ను పీకుతారు."

"మరి చెరువు మాటేంటండీ?"

"చెరువుని ఎవరూ ఆవిష్కరించలేదు కదా" అన్నాడు. వాదన బలంగా ఉంది.

ఆ రోజునుంచి మా చెరువు రూల్స్ ప్రకారం నడవసాగింది. ప్రభుత్వం జీతమిచ్చి పెట్టిన గజ ఈతగాడు ఒకడున్నాడు. అతని కుర్చీ ప్రమాదం బోర్డు కిందే ఉండాలని రూలు. కాబట్టి కుర్చీతో సహా కుడివైపుకి మార్చారు. మోకాలి లోతు నీళ్ళని పొద్దస్తమానం కాపలా కాస్తూ, "బాబాయ్, ఇక్కడెవరైనా మునగాలంటే ముందు నా పర్మిషన్ తీసుకుని పడుకోవాలి" అనేవాడు.

ఊళ్ళో పిల్లలకి బోర్డులతో పనిలేదు గనక అలవాటు ప్రకారం కుడివైపే దిగారు. అందుకు ఒక కానిస్టేబుల్‌ని వేశారు. మా మనవరాలు నీళ్ళలో బాసింపట్టు వేసుకుని కూచుంటే ఈల ఊదాడు.

"ఏయ్ పాపా, నువ్వు ప్రమాదంలో ఉన్నావు. బయటికి రా."

"నడుం దాకా కూడా లేవు కదా మామయ్యా."

"నీళ్ళ సంగతి కాదు, బోర్డు సంగతి. అటుపక్కకి పోయి ఆడుకో. అది సురక్షితం."

నేను చెయ్యి పట్టుకుని కొట్లోకి లాక్కొచ్చాను. తల్లులూ వాళ్ళ పిల్లల్ని అలాగే లాక్కుపోయారు. ఊళ్ళో పిల్లలంతా గట్టు మీద వరసగా కూచుని, తడవకుండా చెరువు చూడ్డం నేర్చుకున్నారు. బయటినుంచి వచ్చినవాళ్ళకి నేనూ ఈతగాడూ నోరు నొప్పెట్టేలా చెప్పేవాళ్ళం, ఎడమవైపు దిగకండి అని. కొందరు వినేవాళ్ళు. కొందరు బోర్డు మీద మంత్రిగారి నవ్వు చూసి, మా మొహాలు చూసి, మంత్రిగారినే నమ్మేవాళ్ళు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టు ముందు జనం కిటకిటలాడుతున్నారు. ఎడమవైపునుంచి ఒక తల్లి కేక వినబడింది. నేను బయటికొచ్చేసరికే ఈతగాడు కుర్చీ తన్నేసి గట్టు పొడుగునా పరిగెత్తి నీళ్ళలో పడ్డాడు. రెండు మునకలేసి ఒక చిన్నపిల్లని జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. పిల్ల కక్కుకుని, దగ్గి, ఏడ్చింది. అది ఏడ్చినందుకు అందరం ఏడ్చాం.

అధికారి విచారణకి వచ్చాడు. పిల్లని నా కొట్లోనే తువ్వాలు చుట్టి కూచోబెట్టాం.

"ఎక్కడ మునిగిందమ్మా?" అని తల్లినడిగాడు.

"ఆ పచ్చబోర్డు ముందేనండీ."

"అక్కడ మోకాలి లోతేనమ్మా. రికార్డుంది."

"నా కళ్ళ ముందే మునిగిందండీ."

"మోకాలి లోతులో పిల్ల మునగదమ్మా. కాబట్టి మునగలేదు. తడిసింది." పక్కనున్న కానిస్టేబుల్‌తో, "తడిసింది అని రాసుకో" అన్నాడు.

ప్రమాద స్థలాన్ని గాలికొదిలేసి పోయినందుకు ఈతగాణ్ణి సస్పెండ్ చేశారు. అతను లేని ఆ కాసేపట్లో ఎర్రబోర్డు దగ్గర ఎవరికైనా ఏమైనా అయ్యుంటే ఎవరిది బాధ్యత అని అడిగారట. న్యాయమైన ప్రశ్నే. అతన్ని పంపేసినా కుర్చీ మాత్రం అక్కడే ఉంచారు.

పోతూపోతూ అధికారి నా దగ్గర ఆగాడు. "పెద్దాయనా, లోతు లోతు అని వదంతులు పుట్టిస్తున్నావట. ఇంకోసారి ఆ మాట నీ నోట వినబడిందో, కొట్టు ఎత్తించేస్తా." ఆ రోజునుంచి నేను ఆ మాట మానేశాను. బతుకుతెరువు కదా.

తర్వాత నివేదిక వెళ్ళింది. ఈ సీజన్లో ప్రమాద స్థలంలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదని అందులో ఉంది. ఇలాంటి ఫలితం ఏ మంత్రీ సాధించలేదు. ఆయన ఉబ్బితబ్బిబ్బై ముగింపు సభకి సకుటుంబంగా దిగారు. ఆరేళ్ళ మనవడు కూడా వచ్చాడు, నిగనిగలాడే ఈత బట్టల్లో, కళ్ళకి ఈత అద్దాలతో.

సలహాదారు అందర్నీ ఎడమవైపు పచ్చబోర్డు దగ్గరికి నడిపించాడు. "సార్, ముందు మీరు నిలబడండి. వెనకాల నీళ్ళలో బాబు ఆడుకుంటూ ఉండాలి. బాబూ, ఒక నాలుగడుగులు లోపలికి వెళ్ళమ్మా."

మంత్రిగారు నీళ్ళ వంక చూశారు. అధికారి వంక చూశారు. అధికారి ఆకాశం వంక చూశాడు. మంత్రిగారు మనవడి చెయ్యి రెండు చేతులా పట్టుకున్నారు.

"వీడికి జలుబయ్యా" అన్నారు.

"నాకు లేదు తాతా" అన్నాడు మనవడు.

"నీకు తెలీదు. ఊరుకో."

సలహాదారు అధికారి జీపు వైపు తిరిగాడు. అందులో అధికారిగారి కొడుకులిద్దరూ ఉన్నారు. "పోనీ, మీ వాళ్ళని దింపండి."

"రాత్రినుంచి ఒకటే తుమ్ములండి, ఇద్దరికీ."

ఎవరూ అడక్కముందే కానిస్టేబుల్, "మా పాపక్కూడా సార్" అన్నాడు.

సలహాదారు చూపు తిరిగి తిరిగి నా పక్కనున్న మనవరాలి మీద వాలింది.

"జలుబేనండి" అన్నాను చేతులు కట్టుకుని. "మంత్రిగారి మనవడికి చేసిందే దీనికీ చేసింది."

మంత్రిగారు నా వంక ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకున్నారు.

అప్పుడే గట్టు మీద ఒక వ్యాను ఆగింది. అందులోంచి తండ్రీ తల్లీ, గాలి నింపిన బాతు బొమ్మని నెత్తిన పెట్టుకుని ఒక పిల్లవాడూ దిగారు. ఈ ప్రాంతం వాళ్ళు కారు. తండ్రి బోర్డు పైకి చదివి, "చూశావా, మంత్రిగారి పూచీ ఉంది ఇక్కడ" అంటూ పిల్లవాడి చొక్కా గుండీలు విప్పాడు.

"సమయానికి వచ్చారు" అన్నాడు సలహాదారు. ఫోటోగ్రాఫర్ ఒక మోకాలి మీద కూచున్నాడు. మంత్రిగారు జుట్టు సర్దుకున్నారు. గట్టు మీద అంతమంది ఉన్నాం. అందరికీ తెలుసు. ఒక్కళ్ళూ నోరు మెదపలేదు. పిల్లవాడు ఒక కాలు నీళ్ళలో పెట్టాడు.

నేను పరిగెత్తి వాడి రెక్క పట్టుకున్నాను.

"అయ్యా, మీ బాబుకి జలుబు చేసింది."

"లేదండీ, బాగానే ఉన్నాడే."

"చేస్తుందండీ, ఈ నీళ్ళకి. మంత్రిగారి మనవడికి చేసింది. ఆఫీసరుగారి పిల్లలకి చేసింది. కానిస్టేబుల్‌గారి పాపకి చేసింది. ఇంత ఎండలో ఒక్క పిల్లైనా నీళ్ళలో ఉందేమో మీరే చూడండి."

అతను ఖాళీ చెరువు చూశాడు. ఈత అద్దాలు పెట్టుకుని పొడినేల మీద నిలబడ్డ మనవణ్ణీ, వాణ్ణి వదలకుండా పట్టుకున్న మంత్రిగారి చేతుల్నీ చూశాడు. మొహంలో నవ్వు పోయింది. పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుని గుండీలు పెట్టడం మొదలుపెట్టాడు. తొందరలో ఒక గుండీ వేరే కాజాలోకి పోయింది.

మంత్రిగారు ముందుకొచ్చి ఆ పిల్లవాడి తల మీద చెయ్యి వేశారు. "ఇలాంటి జాగ్రత్త గల తండ్రులే మనకి కావాలి. తియ్యవయ్యా ఫోటో" అన్నారు. ఆ వెంటనే పత్రికలవాళ్ళని పిలిచి, మా చెరువు దేశానికే నమూనా అనీ, వారం తిరిగేలోగా అన్ని చెరువులకీ సరిగ్గా ఇలాగే, కుడివైపు ఎర్రబోర్డూ ఎడమవైపు పచ్చబోర్డూ పెట్టిస్తామనీ ప్రకటించారు. ఏ చెరువు ఎటువైపు లోతో ఎవరూ అడగలేదు.

ఇచ్చిన మాట నిలబెట్టుకునే మనిషి. వారం తిరగకముందే మా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, మా కాలనీ వెనక చెరువుంది చూడు, దానికి కొత్త బోర్డులు పెట్టారు. పిల్లలు ఆడుకునే చోటు వేరే చూపించారు. ఇంక దిగుల్లేదు. దాన్ని పంపించెయ్యి, మిగతా సెలవులు ఇక్కడే ఆడుకుంటుంది."

ఎదురుగా కానిస్టేబుల్ నిలబడి కూల్‌డ్రింకు తాగుతున్నాడు.

"దానికి జలుబు చేసిందమ్మా" అన్నాను. "సెలవులయ్యాక నేనే తీసుకొస్తాను."