మరచెంబు నీళ్ళు, ముప్పై రెండు చీరలు

కాస్త ఇటు జరగండి. గాలి అటు వీస్తోంది, మాటలు మీ దాకా రాకుండానే కొట్టుకుపోతాయి. ఇబ్రహీంపట్నం శౌరమ్మ సముద్రం చూడ్డానికి వెళ్ళిన సంగతి ఇది. తొందరగా వింటే నవ్వొస్తుంది, నెమ్మదిగా వింటే నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

శౌరమ్మకు అరవై ఆరేళ్ళు. ఫెర్రీ దగ్గర, కృష్ణ ఒడ్డునే ఇల్లు. సిస్టర్ల హాస్టల్లో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి, ఎవరి వెనకాల నిలబడమంటే వాళ్ళ వెనకాల నిలబడడం అలవాటైన మనిషి. మరియమ్మ గుడి పండగ ఫోటోలన్నిటిలోనూ ఉంటుంది, ఒక భుజం మాత్రమే. మొగుడు జక్కయ్య నలభై ఏళ్ళు పడవ నడిపాడు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు. నది నిలువునా పోతుంటే ఆయన అడ్డంగానే బతికాడు. ఒకసారి ఈ నీళ్ళతో పాటు కిందికంటా పోదామే, ఎక్కడికి పోతాయో చూసొద్దాం అని పెళ్ళయిన ఏడు నుంచీ అంటూనే ఉన్నాడు. అంటూ ఉండగానే మోకాళ్ళు అరిగిపోయాయి.

పాస్కా పండగ, అంటే ఈస్టరు, వెళ్ళిన శనివారం, గుళ్ళో మరియమ్మ పేరున ప్రార్థనలు చేసే మరియదళం ఆడవాళ్ళు బస్సు మాట్లాడుకున్నారు. హంసలదీవి అవతల సముద్రపు ఒడ్డున, అడవి శాఖ వాళ్ళు కాపాడే చోట, తాబేలు గుడ్లు పగిలి పిల్లలవుతున్నాయనీ, పొద్దు వాలాక వాటిని నీళ్ళలోకి వదులుతారనీ, వెళ్ళి చూసి చీకటి పడేసరికి తిరిగి బయల్దేరాలనీ అనుకున్నారు. అంతే అనుకున్నది.

ఆ పొద్దున జక్కయ్య గోడ పట్టుకుని రేవులోకి దిగి, వాళ్ళమ్మ నాటి ఇత్తడి మరచెంబు నిండా నీళ్ళు ముంచి, మూత బిగించి తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"బ్యారేజీ గేట్లు మూసి నెల దాటింది. మన నీళ్ళు కాలవల్లో పడి చేలకు పోతున్నాయి గానీ సముద్రం దాకా పోవట్లా. ఈ కాసిని నువ్వు తీసుకెళ్ళు. పాదం తడుపుకుని నీ చేత్తోనే పొయ్యి. ఇంకెవరికీ ఇవ్వబాక."

"పోసి ఏం చెప్పమంటావు?"

"ఏముంది చెప్పడానికి. మిగతావి వెనకాల వస్తున్నాయని చెప్పు."

శౌరమ్మ ఆ చెంబును కొంగులో చుట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు బస్సెక్కింది.

మరియదళానికి పెద్ద హెలెన్ టీచరు. రిటైరై పదేళ్ళయినా మెడలో విజిలు తియ్యని డ్రిల్లు టీచరు ఆవిడ. ఇబ్రహీంపట్నం, కొండపల్లి, మైలవరం మూడూళ్ళ నుంచి, తనతో కలిపి ముప్పై రెండు మంది. అందరి మొహాలూ ఆవిడకు తెలియవు. అందుకే అందరికీ ఒకే రకం మంగళగిరి నేతచీర తెప్పించింది, తెల్లటి ఒళ్ళు, నీలం అంచు. మొహాలు లెక్కపెడితే తప్పు వస్తుంది, అంచులు లెక్కపెడితే రాదని ఆవిడ సిద్ధాంతం. డ్రైవరు జయపాల్‌కి కూడా పొద్దున్నే చెప్పేసింది. ఒక విజిలు వేస్తే అందరూ తన వంక చూడాలి, రెండు వేస్తే ఏమీ అడక్కుండా బండి తీసెయ్యాలి. ఇక ఆడవాళ్ళకు చెప్పింది ఒకటే: సముద్రం దగ్గర తాడు కట్టి ఉంటుంది, దాన్ని ఎవరూ దాటకూడదు. ఆ మాట విని శౌరమ్మ చెంబును ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. తాడు దాటకుండా పాదం తడిసేదెట్లా అని దారి పొడుగునా అదే ఆలోచన.

కోడూరు దాటాక అడవి శాఖ గేటు దగ్గర బస్సు ఆగింది. అందరూ బాత్రూముల వైపు వెళితే శౌరమ్మ మాత్రం పక్కనున్న పాయ దగ్గర నిలబడిపోయింది. పోటు తీసి, నీళ్ళు వెనక్కి పోయి బురద మెరుస్తోంది. మడచెట్లు వేళ్ళ మీద లేచి నిలబడి, చీర తడవకుండా కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్న ఆడవాళ్ళలా ఉన్నాయి. ఆ బురద మీద చేపలు నడుస్తున్నాయి. ఈదడం కాదు, నడవడమే. కళ్ళు నెత్తికెక్కాయని మనుషుల్ని తిడతాం గానీ వీటికి నిజంగానే నెత్తిన ఉన్నాయి. పక్కనే ఎర్రెర్రటి పీతలు, ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి పెద్దది. ఆ పెద్ద చెయ్యి అన్నీ ఒక్కసారే పైకెత్తి ఊపుతున్నాయి. పిలుస్తున్నాయనుకుని శౌరమ్మ కూడా చెయ్యి ఊపింది. అవి మళ్ళీ ఊపాయి. అట్లా ఎంతసేపు గడిచిందో ఆవిడకూ తెలీదు, పీతలకూ తెలీదు.

ఈలోగా గేటు దగ్గర ఇంకొకావిడ చెట్టు నీడన నిలబడి ఉంది. పేరు రాగిణి. సముద్రపు తాబేళ్ళ మీదే ముప్పై ఏళ్ళు పనిచేసిన డాక్టరమ్మ, ఆ సాయంత్రం పిల్లల్ని వదలడానికి పిలిచిన ముఖ్య అతిథి. కారు టైరు పంచరైతే డ్రైవరు చక్రం ఊడదీసుకుని ఎవరి బండి మీదో కోడూరు వెళ్ళాడు. తాబేళ్ళ కేంద్రం వాళ్ళు ఫోనులో, బండి పంపిస్తున్నామమ్మా అన్నారు. ఆవిడ కట్టుకున్నది కూడా మంగళగిరి చీరే. తెల్లటి ఒళ్ళు, నీలం అంచు.

హెలెన్ టీచరు విజిలు వేసి, చెట్టు కింది చీరను చూసి, ఎక్కమ్మా ఎక్కు, నీ ఒక్కదాని కోసమే ఆలస్యం అంది. బండి పంపిస్తామన్నారు గదా, ఇదే కాబోలనుకుని రాగిణి ఎక్కి కూర్చుంది. టీచరు అంచులు లెక్కపెట్టింది. ముప్పై రెండు. రెండు విజిళ్ళు పడ్డాయి. బస్సు వెళ్ళిపోయింది.

శౌరమ్మ పీతల దగ్గర సెలవు తీసుకుని వచ్చేసరికి అక్కడ మూడు చక్రాల కారు తప్ప ఏమీ లేదు. భయపడదామా అనుకునేలోపు జీపు వచ్చి ఆగింది. అందులోంచి జాన్ పాల్ అనే కుర్ర ఉద్యోగి దిగాడు. కేంద్రానికి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. అతిథిని అతను ఎన్నడూ చూడలేదు. పెద్దావిడ, నీలం అంచు తెల్లచీర, మాట తక్కువ, ఇంతే చెప్పారు అతనికి. పంచరైన కారు, పక్కన చీర, పైగా మాటా పలుకూ లేదు.

"అమ్మగారూ, మీ కోసమే వచ్చానండి. అందరూ మీ కోసమే చూస్తున్నారు."

టీచరుగారు ఎంత కఠినంగా కనపడ్డా మనసు మంచిదనుకుంటూ శౌరమ్మ జీపెక్కింది.

జీపు ఇసుక దిబ్బ ఎక్కి దిగగానే సముద్రం కనిపించింది. సముద్రమంటే అవతలి ఒడ్డు లేని నది అని జక్కయ్య చెబుతూ ఉండేవాడు. అది అబద్ధమని శౌరమ్మకు ఆ క్షణాన తెలిసింది. అవతలి ఒడ్డు లేకపోవడం కాదు, అవతలే లేదు. నీళ్ళు వెళ్ళి వెళ్ళి ఆకాశంలోకి పోతున్నాయి. ఎక్కడో దూరంగా ఒక పడవ, నీళ్ళ మీద ఉందో మబ్బు మీద ఉందో తెలియకుండా ఊగుతోంది. శౌరమ్మ కళ్ళార్పడం మర్చిపోయింది.

షామియానా కింద ఆవిడను తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. కొబ్బరిబొండాం ఇచ్చారు. మా వాళ్ళేరీ అని అడిగితే, సాయంత్రానికి అందరూ వచ్చేస్తారమ్మా అన్నాడు జాన్ పాల్, పెద్ద ఆఫీసర్ల గురించి అనుకుని. కుర్చీకి పది అడుగుల ముందు తాడు ఉంది. దాటకూడదన్న మాట గుర్తుండి శౌరమ్మ చెంబు ఒళ్ళో పెట్టుకుని సముద్రం వంకే చూస్తూ కూర్చుంది. ఆవిడ లోతుగా ఏదో పరిశీలిస్తున్నారనీ, ఎవరూ కదిలించొద్దనీ జాన్ పాల్ పనివాళ్ళకు చెప్పాడు. కాసేపటికి అతనే ఉండబట్టలేక, పుస్తకం తెరిచి దగ్గరికి వచ్చాడు.

"అమ్మగారూ, తల్లి తాబేలు గుడ్లు పెట్టి పోతుంది గదండీ, మళ్ళీ తిరిగి చూడదు. అంత ప్రేమ లేకుండా ఎట్లా ఉంటుందంటారు?"

"లేకపోవడమేంటి నాయనా. ఇసక కప్పే గదా పోయింది. మా అమ్మ కూడా అంతే. నా మీద దుప్పటి కప్పి, తెల్లారకుండా నాట్లకు పోయేది."

జాన్ పాల్ రాసుకున్నాడు. ఆ మాట కింద గీత కూడా గీశాడు.

అటు బస్సు సంగతి. హెలెన్ టీచరు నది సముద్రంలో కలిసే చోట బస్సు ఆపించి వంటలు పెట్టించింది. రాగిణి చేతికి కత్తిపీటా, మూడు కిలోల ఉల్లిపాయలూ ఇచ్చి పెరుగు పచ్చడికి తరగమంది. ఊళ్ళో ఆడవాళ్ళు కలిసిరాకపోతే ఒక్క తాబేలు కూడా మిగలదని ముప్పై ఏళ్ళుగా రాస్తున్న మనిషి రాగిణి. వీళ్ళు ఆ మాట చదివే ఈ ఏర్పాటు చేశారనుకుని ఆనందంతో ఏడ్చింది. ఉల్లిపాయల వల్లే ఏడుస్తోందని మిగతావాళ్ళు అనుకున్నారు. తరుగుతూ తరుగుతూ ఆవిడ తాబేళ్ళ గురించి చెబుతూనే ఉంది. ఈవిడ మైలవరం మనిషి కాబోలనుకుని, మైలవరం వాళ్ళకు తెలియని సంగతి ఉండదని హెలెన్ టీచరు మూతి విరిచింది.

పొద్దు వాలింది. సముద్రం రాగి రంగు పోసుకుని, ఆ తర్వాత బూడిద రంగు కప్పుకుంది. అప్పుడు బస్సు కేంద్రానికి వచ్చింది. నీలం అంచులన్నీ దిగి తాడు వెనక బారులు తీరాయి, ఇదీ ఏర్పాటులో భాగమే అనుకున్న రాగిణితో సహా. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నూట ఇరవై పిల్లల్ని తెచ్చి తాడుకు అవతల పెట్టారు. వీడియో బాగా రావాలని షామియానా మీద రెండు పెద్ద లైట్లు వేశారు. జాన్ పాల్ శౌరమ్మను చెయ్యి పట్టుకుని తాడు దాటించి, మొదటి పిల్లను అరచేతిలో పెట్టాడు. ఉసిరికాయకంటే కాస్త పెద్దది. చేతిలోనే ఆగకుండా తెడ్లు వేస్తోంది. నలభై ఏళ్ళు తెడ్డు వేసిన మనిషి శౌరమ్మకు గుర్తొచ్చాడు. పిల్లను ఇసుక మీద వదిలింది. వెనకే తొట్టి వంచారు.

పిల్లలన్నీ గిర్రున తిరిగి, సముద్రానికి వీపు పెట్టి, లైట్ల వైపు బయల్దేరాయి.

"లైట్లు ఆపండి" అని తాడు వెనక నుంచి ఒక గొంతు గట్టిగా వినిపించింది. "వెలుగెటు ఉంటే అటే వస్తాయవి. వైర్లలో పడి చస్తాయి, ముందు ఆపండి."

"నువ్వు నోరు ముయ్యి మైలవరం" అంది హెలెన్ టీచరు.

జాన్ పాల్ కూడా, డాక్టరుగారు ఇక్కడే ఉండగా మీరెందుకు కంగారు పడతారని ఆ గొంతును మందలించి, శౌరమ్మ వైపు తిరిగాడు. అమ్మగారు ఏం చెబితే అది. అప్పుడే హెలెన్ టీచరు కూడా శౌరమ్మను చూసింది. శాలువాతో, తాడుకు అవతల. విజిలు నోట్లోంచి జారిపోయింది.

శౌరమ్మకు అంతా అర్థమైంది. డాక్టరుగారంటే తననే. ఇంకో పది అడుగులు వేస్తే నీళ్ళు. మాట్లాడకుండా నడిస్తే పాదం తడుస్తుంది, చెంబు ఖాళీ అవుతుంది, జక్కయ్య మాట నిలబడుతుంది. నోరు తెరిస్తే మళ్ళీ తాడు వెనకే, బహుశా ఎప్పటికీ. కాళ్ళ దగ్గర ఒక పిల్ల ఆవిడ వేలు ఎక్కి, దిగి, వైర్ల వైపు పోతోంది.

"ఆ అమ్మ చెప్పినట్టు చెయ్యండి నాయనా" అంది శౌరమ్మ. "నేను డాక్టర్ని కాదు. హాస్టల్లో ఆయాని. నాకు తాబేళ్ళ గురించి ఏమీ తెలీదు."

లైట్లు ఆరిపోయాయి.

ఒక్క క్షణం ఏమీ కనిపించలేదు. తర్వాత నెమ్మదిగా సముద్రమే తెల్లగా తేలింది, చీకట్లో ఆరేసిన చీరలాగా. ఇసుక మీద నూట ఇరవై చిన్న నల్లచుక్కలు ఆగి, ఆలోచించి, తిరిగి, ఒక్కొక్కటే ఆ తెలుపు వైపు తెడ్లు వేసుకుంటూ పోయాయి. తాడు వెనక ముప్పై రెండు మంది ఆడవాళ్ళున్నా గాజు చప్పుడు కూడా లేదు.

శౌరమ్మ శాలువా మడిచి కుర్చీలో పెట్టి, ఎవరూ చెప్పకుండానే తాడు వెనక్కి వచ్చి నిలబడింది. జాన్ పాల్ రాగిణికి దణ్ణాలు పెడుతున్నాడు. ఉల్లి వాసన వస్తున్న చేతులతో రాగిణి తాడు దాటింది, రెండడుగులు వేసి వెనక్కి చూసింది.

"ఆ చెంబులో ఏముందండీ?"

"కృష్ణ నీళ్ళండి. మాయన పంపించాడు. గేట్లు మూసేశారు గదా, వాటంతట అవి రాలేవని."

రాగిణి వెనక్కి వచ్చి తాడును కిందికి నొక్కి పట్టింది.

"వీటిల్లో ఆడవి పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఇటువైపే వస్తాయండి. ఈ నీళ్ళు కూడా తెలిసుంటే మంచిదే. రండి."

శౌరమ్మ హెలెన్ టీచరు వంక చూసింది. టీచరు ఆకాశం వంక చూసింది. శౌరమ్మ తాడు దాటింది. చల్లగా, ఉప్పగా, నురగతో సముద్రం వచ్చి ఆవిడ పాదాలను కడిగి వెళ్ళింది. మూత తీసి చెంబు వంచి, మిగతావి వెనకాల వస్తున్నాయని చెప్పింది. అల వచ్చింది, విన్నది, తీసుకుని పోయింది.

తిరుగు ప్రయాణానికి అందరూ బస్సెక్కారు. కారు చక్రం ఇంకా రాలేదని రాగిణి కూడా వచ్చి, శౌరమ్మ పక్కన సర్దుకుని కూర్చుంది. ఆ సంగతి టీచరుకు ఎవరూ చెప్పలేదు. మసక వెలుగులో ఆవిడ అంచులు లెక్కపెట్టింది. ముప్పై మూడు. మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ ముప్పై మూడే. లోపల కుదరట్లేదని కిందికి దిగి, కిటికీల్లోంచి మొహాలు చూద్దామని ఒక విజిలు వేసింది. అలిసిపోయి ఉన్నారేమో ఎవరూ చూడలేదు. ఇంకొకటి వేసింది.

జయపాల్ ఏమీ అడక్కుండా బండి తీసేశాడు.

బస్సు దుమ్ము సర్దుకున్నాక, ఒంటరిగా నిలబడ్డ నీలం అంచు దగ్గరికి జీపు వచ్చి ఆగింది. "అమ్మగారూ, మీ కోసమే వచ్చానండి" అన్నాడు జాన్ పాల్, ఈసారి చాలా జాగ్రత్తగా, కొబ్బరిబొండాం లేకుండా.

విన్నారు గదా, గుర్తుంచుకోండి. మీ ఇళ్ళలో వాళ్ళకు చెప్పండి, పీతలు చెయ్యి ఊపిన సంగతి మాత్రం వదిలిపెట్టకండి. హెలెన్ టీచరును తక్కువ చేసి కూడా చెప్పొద్దు: ఆ రోజు బస్సు కదిలిన ప్రతిసారీ లెక్క సరిగ్గా ముప్పై రెండే.