గేజీ ముందు సుంకులమ్మ కడుపు

మండల కార్యాలయంలో సీజియం గేజీ ఈసారి కూడా సుంకులమ్మ కడుపు నిండుగా ఉందనే చూపించింది. ఆమె నిన్నటి నుంచి ఏమీ తినలేదు. ఆఫీసు మూసేలోపు ముల్లు దిగకపోతే రేషన్ కార్డు రద్దు. ఆ బియ్యంతోనే ఆమె, మంచం పట్టిన భర్త బతుకుతున్నారు.

గేజీ మూతపడిన సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. అక్కడ ఇనుప తొట్టికి ఒక పక్క కిరణాలు వదిలే సీజియం, మరో పక్క వాటిని కొలిచే మీటరు ఉండేవి. లోపల సరుకుంటే కిరణాలు ఆగిపోయేవి, ముల్లు లేచేది. మూత తెరవాల్సిన పనే లేదు. ఇనుమే అడ్డు కానప్పుడు చర్మం ఒక లెక్కా అని, ఆకలిని కూడా దానితోనే కొలవమని ఉత్తర్వు వచ్చింది. అందులో ఎవరికీ వింత కనిపించలేదు.

వింతంతా సుంకులమ్మ కడుపే.

ఆపరేటర్ దస్తగిరి ఖాళీ డ్రమ్ము పెట్టి చూపించాడు. ముల్లు అడుగునే ఉంది. ఇసుక పోస్తే లేచింది. యంత్రం నిర్దోషి. డాక్టరు స్కానింగు తీశాడు. కడుపు ఖాళీ. డాక్టరూ నిర్దోషే. అంటే గేటు నుంచి గేజీ దాకా నడిచేలోపు ఎవరో రహస్యంగా ఆమె కడుపు నింపుతున్నారు. తహసీల్దారు ఎస్సైని పిలిపించాడు.

ఎస్సై గేజీ కోసం వరుసలో నిల్చున్న అందరి సంచులూ వెతికించాడు. ఒక అరటిపండు దొరికింది. దాని తొక్క కూడా తీయలేదు.

"బువ్వ పెట్నోన్ని దొంగంటాండావా సారూ?" అంది వరుసలో ఒకామె.

"గమ్మునుండు."

సుంకులమ్మను మళ్ళీ నిలబెట్టారు. ముల్లు అడుగునే ఉంది. దస్తగిరి ఎప్పటిలాగే పలకరించాడు.

"తింటివా అవ్వా?"

"తిన్యా నాయినా. నువ్వు తింటివా?"

ముల్లు పైకంటా లేచింది.

"అడగొద్దు!" అని అరిచాడు తహసీల్దారు.

"మనిషి ఎదురొస్తే అడగకుండా ఎట్ల సార్?" అంటూనే దస్తగిరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ముల్లు మెల్లగా దిగింది. తహసీల్దారు ఊపిరి పీల్చుకుని, సంతకానికి పెన్ను తీస్తూ, "ఏమవ్వా, భోంచేశావా?" అనేశాడు.

"అయింది సారూ."

ముల్లు లేచింది.

"తినలేదని ఒక్క మాట అనవ్వా, కార్డు నిలబడుతుంది," అని బతిమాలాడాయన.

సుంకులమ్మ వరుసలోని మొహాలన్నీ చూసింది.

"ఇంతమందిలోనా? మంచంలో ఉండే మా ఆయప్ప పరువేం గావల్ల?"

గోడ గడియారం చూసి తహసీల్దారు పెన్ను మూసేశాడు. కార్డు రద్దయింది. దొంగెవరూ లేరని కేసు తేలినందుకు వరుసంతా తేలికపడింది. ఎస్సైకి మాత్రం పద్ధతి ప్రకారం ఒకటి మిగిలింది.

"నీ కడుపు నింపుతాండేది ఎవరో పేరు చెప్పవ్వా. గట్టిగా."

ఆమె కొంగు సర్దుకుంది. మర్యాదగా, అందరికీ వినబడేలా చెప్పింది.

"సుంకులమ్మ."