ఇస్త్రీ సీసా చెమట

ఆ రోజు ఉదయం కూడా లిఫ్టు మెకానిక్కు వ్యాయామానికి వెళ్తూ పేపరు మర్చిపోలేదు. చదవడానికి ఏమీ లేకపోతే వ్యాయామం మధ్యలో అతనికి విసుగొస్తుంది.

ముందు అతని సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ చుట్టుపక్కల మేడల్లో లిఫ్టులన్నీ అతని చేతి మీదే నడుస్తాయి. తను చెయ్యి పెట్టిన లిఫ్టు మధ్యలో ఆగిపోయిందన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా వినలేదని చెప్పేటప్పుడు అతని మీసం దానంతట అదే పైకి లేస్తుంది. అంతటివాడు మెట్లెక్కితే సొంత వృత్తిని అవమానించినట్టేనని అతని వాదన. ఆ వాదన పుణ్యమా అని పొట్ట ముందుకొచ్చింది. రోజూ మెట్లెక్కమని డాక్టరు చెప్పాడు. డాక్టరుదేముంది, నెలకోసారి కనిపించే మనిషి. రోజూ కనిపించే భార్య బడిలో డ్రిల్లు టీచరు.

"బడి మొత్తాన్నీ పరిగెత్తిస్తాను, ఇంట్లో మనిషిని మాత్రం కుర్చీలోంచి లేపలేను. స్టాఫు రూములో అందరూ నవ్వుతున్నారండీ," అని ఆవిడ ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు అతను చూడలేకపోయాడు. మర్నాటి నుంచే మెట్లెక్కుతానని మాటిచ్చేశాడు.

అతను మాటిచ్చాడు గానీ కాళ్ళు ఇవ్వలేదు. తెల్లారగానే బూట్లు తొడుక్కుని కింది అంతస్తులోని తన వాటా నుంచి హుషారుగా బయలుదేరేవాడు. మలుపు తిరగ్గానే లిఫ్టెక్కి, డాబా మీదున్న మెషీను గదిలో దూరేవాడు. అక్కడ ఒక పాత కుర్చీ, దిండు ఉండేవి. పేపరు చదివి, కునుకు తీసి, ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చిమ్మే సీసాతో మొహానికీ చొక్కాకీ చెమట పట్టించుకునేవాడు. మొదటి అంతస్తులో లిఫ్టు దిగి, చివరి మెట్లు మాత్రం రొప్పుతూ దిగేవాడు.

ఆ రోజు ఆ చివరి మెట్ల మీదే అపార్టుమెంటు ప్రెసిడెంటు ఎదురుపడ్డాడు.

"ఏంటయ్యా, వానలో తడిసినట్టున్నావ్?"

"మెట్లు సార్. రోజూ డాబా దాకా."

"ఒకసారా?"

అవునని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ కళ్ళలో మెచ్చుకోలు చూశాక నాలుక ఆగలేదు. "ఒకసారెక్కితే ఒళ్ళు వేడెక్కదు కదా సార్!" అన్నాడు.

సాయంత్రానికి ఆ కబురు మేడంతా తిరిగింది. కింది వాటాల వాళ్ళు అతను పరుగెత్తుతాడన్నారు. పై వాటాల వాళ్ళు రెండేసి మెట్లు దూకుతాడన్నారు. ఉత్సాహం పట్టలేక ప్రెసిడెంటు ఆదివారం మెట్ల పందెం ప్రకటించాడు.

"మీ పేరే మొదట ఇచ్చొచ్చానండీ," అంది భార్య, మొహం వెలిగిపోతూ. "మా స్టాఫంతా చూడ్డానికొస్తున్నారు. అమ్మ కూడా వస్తానంది. పతకం అల్లుడి మెళ్ళో తనే వేస్తుందట."

అతని గుండెల్లో రాయి పడింది. మోకాలు పట్టేసిందని మూలిగి చూశాడు. ఆవిడ వేడి నూనె తెచ్చి ఎంత ప్రేమగా మర్దనా చేసిందంటే, లేని నొప్పిని ఇంకా ఉందనడానికి మనసొప్పలేదు. ఈవిడ నలుగురిలో తలెత్తుకోవాలంటే తను ఎలాగైనా పైకి చేరాల్సిందే. ఎలాగైనా అనుకోగానే అతనికి లిఫ్టు గుర్తొచ్చింది.

ఉపాయం తేలికైనదే. పందెంలో కావాలని వెనకబడి, రెండో అంతస్తులో లిఫ్టెక్కి, పైన అందరి కళ్ళూ మెట్ల వైపు ఉండగానే మెషీను గదిలో దూరి, చెమట చిమ్ముకుని బయటికి రావాలి. ఆదివారం పొద్దున్నే సీసా నిండా నీళ్ళు పట్టి, ఆ గదిలో లిఫ్టును నడిపే కంట్రోలు పెట్టె మీద చేతికి అందేలా పెట్టి వచ్చాడు. తొందరలో మూత సరిగ్గా బిగించలేదు.

ప్రెసిడెంటు ఈల ఊది తనూ పరుగందుకున్నాడు. కుర్రకారు దూసుకుపోయారు. మెకానిక్కు అందరికీ మర్యాదగా దారిచ్చి, రెండో అంతస్తు చేరేసరికి ఒంటరిగా మిగిలాడు. అటూ ఇటూ చూసి మీట నొక్కాడు. లిఫ్టు రాలేదు. మళ్ళీ నొక్కాడు. పై నుంచి తలుపు బాదుతున్న చప్పుడు, ఆ వెనకే అత్తగారి గొంతు వినిపించాయి.

"ఎవరైనా ఉన్నారా? అల్లుడుగారి లిఫ్టు ఆగిపోయింది!"

పతకం పట్టుకుని డాబాకు బయలుదేరిన అత్తగారు నాలుగో అంతస్తుకు కాస్త కింద చిక్కుకుపోయింది. చీకటంటే ఆవిడకు భయమని అతనికి తెలుసు. అయ్యో పాపం అనుకున్నాడు. దాని వెనకే "అల్లుడుగారి లిఫ్టు ఆగిపోయింది" అన్న మాట చెవిలో గింగురుమంది.

"కంగారు పడకండి అత్తయ్యగారూ! వచ్చేస్తున్నా!" అని అరిచి మెట్ల వైపు తిరిగాడు.

తర్వాత ఏం జరిగిందో అతనికే సరిగా తెలియదు. పొట్ట ఎక్కడ పోయిందో, మోకాళ్ళు ఏమయ్యాయో పట్టించుకోలేదు. రొప్పుతున్న ప్రెసిడెంటును దాటాడు. కుర్రకారును భుజాలతో తోసుకుంటూ దాటాడు. డాబా మీద రిబ్బను పట్టుకుని నిలబడ్డ భార్యనూ దాటి, రిబ్బను తెగి మెడకు చుట్టుకుంటే అలాగే మెషీను గదిలోకి దూరాడు. కరెంటు తీసేసి, బ్రేకు వదిలి, పెద్ద చక్రాన్ని రెండు చేతులా తిప్పుతూ లిఫ్టును మెల్లగా నాలుగో అంతస్తుకు లాగాడు. కింద తలుపు తెరుచుకుంది. చప్పట్లు వినిపించాయి.

అప్పుడు చూశాడు సీసాను. పెట్టె మీద పక్కకి ఒరిగి, నింపాదిగా లోపలికి నీళ్ళు కారుస్తోంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో భార్య. ఆవిడ కుర్చీని చూసింది, దిండును చూసింది, సీసాను చేతిలోకి తీసుకుంది.

"మన ఇస్త్రీ సీసాయేగా?"

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"చొక్కాలు ఉతికేది నేనండీ. ఇన్నాళ్ళ చెమటకి ఒక్క ఉప్పు చారయినా ఉండాలా వద్దా?" అంది. "అందుకే మీ పేరు ఇచ్చొచ్చాను. ఎంతలేదన్నా సగం మెట్లయినా ఎక్కుతారనుకున్నా."

అతను తల దించుకున్నాడు. ఆవిడ దగ్గరికొచ్చి, అతని చెంప మీద చెమట వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పగా ఉంది," అంది. కళ్ళు చెమ్మగిల్లాయి. బయటికొచ్చి, డాబా మీదున్న తన స్టాఫు మొత్తానికీ వినబడేలా, "చూశారుగా! మా ఆయనే!" అని ఈల ఊదింది. ఆ ఈల విన్నాక అతని ఛాతీ పొట్టను దాటి ముందుకొచ్చింది.

పెట్టె తుడిచి, ఆరబెట్టి, ఫ్యూజు మార్చాక లిఫ్టు కదిలింది. అత్తగారు దర్జాగా అందులోనే పైకొచ్చి అతని మెళ్ళో పతకం వేసింది.

"ఇంతకీ ఎందుకాగింది అల్లుడుగారూ?"

"నీళ్ళు పడ్డాయండీ."

"వాన కూడా లేదే! ఎక్కడివి?"

"ఆయన చెమటేనమ్మా," అంది కూతురు.

మర్నాడు పొద్దున్నే అతను పేపరు లేకుండా బయలుదేరాడు. మలుపు తిరిగితే లిఫ్టు తలుపుకు తన సొంత బోర్డే వేలాడుతోంది: "మరమ్మతులో ఉంది." వెనక గుమ్మంలో ఈల మెళ్ళో వేసుకుని భార్య నిలబడి ఉంది. అతను మీసం సర్దుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

లిఫ్టు మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది.