బాలమణి ఎడమ కన్ను

ఆ రోజు పొద్దున రవీందర్ అనుకున్న పని చాలా చిన్నది. మేడ్చల్‌లో ఉంటున్న అక్క బాలమణిని కారెక్కించుకోవాలి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాలి, అలియాబాద్‌లో నాయిన వదిలిపోయిన జాగాలో వాటా వద్దని ఆమె చేత సంతకం పెట్టించాలి. కొనడానికి రాజారావు సిద్ధంగా ఉన్నాడు. బాలమణి కూడా ఒప్పుకుంది. తమ్ముడు అడిగాడు, ఇచ్చేద్దాం అనుకుంది.

ఒప్పుకోనిది ఆమె ఎడమ కన్ను. అది నాలుగేళ్లుగా ఊరికే కారుతోంది. దానివల్ల బాలమణి కోపం ఎవరికీ కనిపించేది కాదు. కూరగాయలవాడితో తగాదా పడినా, బస్సులో సీటు కోసం అరిచినా అందరూ "ఏడ్వకమ్మా" అనేవాళ్లు. అన్నప్పుడల్లా ఆమెకు ఇంకా మండేది.

ఆఫీసులో అధికారి కాగితాల మీంచి తలెత్తాడు.

"ఇష్టంతోనే ఇస్తున్నారామ్మా?"

"ఇష్టంతోనే సార్" అంది బాలమణి. ఎడమ చెంప మీద నీళ్లు జారాయి.

"ఎవరన్న బలవంతం చేసిన్రా? భయపడకుండ చెప్పున్రి."

"నేను ఏడుస్తలేను సార్. గీ కన్నే అంత." కోపంతో ఆమె గొంతు వణికింది. అధికారి కాగితాలు పక్కన పెట్టేశాడు.

వెనక బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న వజ్రమ్మ అనే ముసలామె లేచి వచ్చింది. "తోడబుట్టినదాన్ని ఏడిపిచ్చి జాగ గుంజుకుంటున్నవా? సిగ్గు లేదా బిడ్డా నీకు?"

"నీ పని నువ్వు సూస్కో పెద్దమ్మా" అన్నాడు రవీందర్. దాంతో మరో నలుగురు లేచారు. ఒకడు వీడియో తీశాడు. అక్కాతమ్ముళ్లు కారెక్కేలోపే అది అలియాబాద్ వాట్సాప్ గ్రూపుకు చేరింది.

రాజారావు ఫోన్ చేశాడు. "రేపు మీ అక్క కోర్టుకు పోతే నా గతేంది రవీందర్? ఆమె కండ్లల్ల నీళ్లు లేకుండ సంతకం పెట్టిననాడు పిలువు."

రవీందర్ కారును రోడ్డు పక్కన ఆపి మరీ అరిచాడు. "ఊరందరి ముందట నన్ను దొంగను జేసినవ్. గా కన్ను జర సేపు ఆపుకుంటే ఏమయ్యేది?"

"అదేమన్న నల్లానా, బంద్ జెయ్యనీకి?"

మర్నాడే ఆసుపత్రికి తీసుకుపోయాడు. నాలుగేళ్లుగా ఆమె ఎప్పుడు తీసుకుపొమ్మన్నా అతనికి ఏదో పని ఉండేది.

"కన్నీరు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయింది" అంది డాక్టరమ్మ. "ఆపరేషన్ చేసి కొత్త దారి తీస్తాం. అది మళ్లీ పూడిపోకుండా సన్నని మెత్తని గొట్టం పెడతాం, స్టెంట్ అంటారు. కొన్ని నెలలయ్యాక తీసేస్తాం."

"అది పెడితే ఇగ ఏడ్వదా మేడం?"

"బాధ కలిగితే ఏడుస్తారు. ఊరికే కారదు."

"బస్, గది చాలు" అన్నాడు రవీందర్.

ఆపరేషన్ అయ్యాక ముక్కు చీదొద్దన్నారు, కన్ను నలపొద్దన్నారు, కంటి మూలన సన్నగా కనబడే గొట్టాన్ని లాగొద్దన్నారు. రవీందర్ రోజూ ఫోన్ చేసి "కన్ను ఎండిందా?" అని అడిగాడు. నొప్పి తగ్గిందా అని గానీ, తిన్నావా అని గానీ ఒక్కనాడూ అడగలేదు. బాలమణి డాక్టరమ్మ వద్దన్నవేవీ చేయలేదు. కోపం వద్దని డాక్టరమ్మ చెప్పలేదు.

గొట్టం ఇంకా కంట్లో ఉండగానే, కొత్త చీర కట్టించి మళ్లీ అదే ఆఫీసుకు తెచ్చాడు. అధికారి మొదట ఆమె కళ్లు చూశాడు. రెండూ పొడిగా ఉన్నాయి.

"బలవంతం ఏమన్న ఉందా అమ్మా?"

"లేదు సార్. గని నేను సంతకం పెట్టను. నా వాట నాకే ఉండాలె."

"ఏందక్కా, అప్పుడు ఒప్పుకుంటివి గద?"

"ఒప్పుకున్న. నాలుగేండ్ల సంది కన్ను కారుతాందిరా అంటే నీకు టైం దొరకలే. జాగ పని ఆగంగనే తెల్లారే దొరికింది. నువ్వు ఆపరేషన్ జేయించింది నా కంటికి గాదు, నీ సంతకానికి."

ఈసారి ఎవరూ "ఏడ్వకమ్మా" అనలేదు. ఫోన్ బయటికి తీయడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. అధికారి కాగితాలను రవీందర్ చేతికే తిరిగి ఇచ్చాడు.

మెట్లు దిగుతుంటే రవీందర్ కళ్ల వెంట నీళ్లు కారాయి. రెండు కళ్లలోనూ సమానంగా వస్తున్నాయి కాబట్టి డాక్టరుతో పనిలేదని బాలమణి చెప్పింది.