ఐదో కళాకారుడు

ప్రత్యక్ష సంగీతం అంటే ముందుగానే వాయించి పెట్టుకున్న సంగీతం. ఈ సత్యం లోకమంతా ఒప్పుకున్నా మా కళాభవనం మాత్రం చాలాకాలం మొండికేసింది. ఇప్పుడు దారికొచ్చింది. దారికి రావడానికి దానికి పదకొండు నిబంధనలు, ఒక కమిటీ, ఒక ప్రత్యక్షతా పరిశీలకుడు కావలసి వచ్చారు.

మా బృందంలో నలుగురం. కీబోర్డు మా బావమరిది. పాట అతని భార్య, నాకు చెల్లెలి వరస. ఫ్లూటు నేను. డ్రమ్ములు పిడుగు. అరవై రెండేళ్ల మనిషిని అలా పిలవడం మర్యాద కాదు కాని, అసలు పేరుతో పిలిస్తే ఆయన పలకడు.

ల్యాప్‌టాప్‌ను మొదట వయొలిన్ల కోసం తెచ్చాం. పన్నెండు వయొలిన్లు అందులో మోగుతుంటే పైన మేం వాయించేవాళ్లం. తర్వాత బావమరిది అందులో గిటారు, తన కీబోర్డు పెట్టాడు. పిడుగుకు జ్వరం వచ్చినప్పుడు ముందుజాగ్రత్తగా డ్రమ్ములు పెట్టాడు. భార్య గొంతు బొంగురుపోయిన రోజున పాట పెట్టాడు. నాకు జ్వరమూ రాలేదు, గొంతూ బొంగురుపోలేదు. అయినా ఫ్లూటు పెట్టాడు.

"ఊరికే, అవసరానికి పడి ఉంటుంది బావా," అన్నాడు.

ల్యాప్‌టాప్‌కు ఒక గుణముంది. ఎవరి కోసమూ ఆగదు. పాడే మనిషి చరణం మరిచిపోతే అది తర్వాతి చరణానికి వెళ్లి అక్కడ కాళ్లు జాపుకుని కూర్చుంటుంది. అందుకని నలుగురం చెవుల్లో బిరడాల్లాంటివి పెట్టుకుంటాం. వాటిలో టిక్కుటిక్కుమని లెక్క, మధ్యలో ఆజ్ఞలు: "చరణం వస్తోంది. రెండు, మూడు, నాలుగు. ఇక ఆపండి." ఆజ్ఞలు మా చెల్లెమ్మ గొంతుతోనే రికార్డు చేశాం. మొగుడి మీద పదహారేళ్లు సాధన చేసిన గొంతు కాబట్టి ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పెళ్లాం చెప్పినట్టు నడవడం మా బృందంలో మగవాళ్లందరికీ అలవాటే. (నాకు ఎనిమిదేళ్లుగా తప్పింది.)

ఇలా సుఖంగా ఉండగా కళాభవనం ఏడో నిబంధన తెచ్చింది. వేదిక మీద శబ్దం చేసే ప్రతిదీ కళాకారుడే. బృందానికి నాలుగే స్థానాలు. ల్యాప్‌టాప్‌తో కలిపి మేం ఐదుగురం. ఒకరు దిగాలి.

"ల్యాప్‌టాప్‌నే దింపేస్తే పోలా?" అన్నాను.

"అది లేకపోతే మనం నలుగురమేగా బావా, ఏం చేస్తాం?" అన్నాడు బావమరిది.

దిగేదెవరో తేల్చడానికి పరీక్ష ఉంది. ఒక్కో పాటకు ఒక్కో కళాకారుణ్ణి ఆపుతారు. ప్రేక్షకులు తేడా గమనిస్తే అతను ఉంటాడు. గమనించకపోతే దిగుతాడు.

దిగేది తానేనని పిడుగు అప్పుడే తేల్చుకున్నాడు. కర్రలు తుడుస్తూ కూర్చున్నాడు.

"బాబాయ్, ఎందుకలా అయిపోతావు? ఇంటిపట్టున హాయిగా ఉండొచ్చుగా," అంది చెల్లెమ్మ.

"ఇంట్లో బల్ల మీద రెండు వేళ్లు ఆడిస్తే మా కోడలు 'మామయ్యా, తలనొప్పి' అంటుందమ్మా. మంచం కోడు మీద ఆడిస్తే మీ పిన్ని లేస్తుంది. నన్ను వాయించనిచ్చే చోటు ఈ భూమ్మీద ఇదొక్కటే."

ఆదివారం ఉదయం పదింటికి పరీక్ష. కమిటీ నలభై మంది ప్రామాణిక ప్రేక్షకులను పంపింది. (అందరికీ వినికిడి ధ్రువపత్రాలున్నాయి. ఇద్దరు నిద్రపోవడానికి ముందస్తు అనుమతి కూడా తెచ్చుకున్నారు.) ప్రతి ఒక్కరి చేతిలో ఒక్కో పాటకు ఒక్కో చీటీ. చీటీలో ఒకటే ప్రశ్న: తేడా గమనించారా?

మొదటి పాటకు చెల్లెమ్మను ఆపారు. ఆవిడ పెదవులు బిగించుకుని నిలబడింది. పాట సాగిపోయింది. నలభై చీటీల్లోనూ 'లేదు'. ఒకాయన మాత్రం, ఈరోజు గాయని శ్రుతిలో పాడారని కింద రాశాడు.

"ఈరోజా? అంటే రోజూ ఏం చేస్తున్నానట?" అంది చెల్లెమ్మ. బావమరిది పైకప్పు పరిశీలించాడు.

రెండో పాటకు నన్ను ఆపారు. ఎవరూ గమనించలేదు. మూడో వరసలో ఒకావిడకు చెవిపోటు తగ్గిందట. పరిశీలకుడు దాన్ని ఆరోగ్య ప్రయోజనాల గడిలో రాసుకున్నాడు. మూడో పాటకు బావమరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ కొత్త భంగిమ బాగుందన్నారు. నాలుగో పాటకు పిడుగు కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. డ్రమ్ములు వాటంతటవే మోగాయి. నలభై 'లేదు'లు.

నలుగురం సమానంగా అనవసరమని తేలింది. పరిశీలకుడు నిబంధనల పుస్తకం తిరగేశాడు.

"ఐదో కళాకారుడు మిగిలాడు. దాన్ని ఆపండి."

"అది ఆగితే పాటెలా సార్?" బావమరిది ల్యాప్‌టాప్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"దానికేనండీ పరీక్ష. నిబంధన అందరికీ ఒకటే."

ఆపేశారు. చెవుల్లో లెక్క లేదు, ఆజ్ఞ లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పిడుగు కర్రతో కర్ర నాలుగుసార్లు కొట్టాడు.

పాట రావలసిన దానికంటే కాస్త వేగంగా వచ్చింది. చెల్లెమ్మ రెండో చరణం మరిచిపోయింది. పిడుగు తొందరపడలేదు. ఆ మాట దొరికేదాకా అక్కడక్కడే తిరుగుతూ, పసిపిల్లను ఎత్తుకుని నడిచినట్టు పాటను మోశాడు. దొరికింది. ఒక్క దెబ్బతో దింపాడు. నేను రెండు స్వరాలు తప్పాను. పన్నెండు వయొలిన్లు లేవు కనుక అవి అందరికీ వినిపించాయి. నిద్రకు అనుమతి తెచ్చుకున్న ఇద్దరూ లేచి కూర్చున్నారు. ఒకావిడ చేసంచి కింద పెట్టి చప్పట్లు అందుకుంది. 'వన్స్ మోర్' అని కేక పడింది. మళ్లీ వాయించాం. ఇంకో కేక. ఇంకోసారి.

చీటీలు లెక్కపెట్టారు. నలభైకి నలభై 'అవును'.

పిడుగు చొక్కా పిండితే బిందెడు నీళ్లు వచ్చేలా ఉంది. "చూశావా అమ్మా! మా కోడల్ని తీసుకురావలసింది!" అంటున్నాడు.

పరిశీలకుడు లేచి నిలబడి ఫలితం చదివాడు.

"నలుగురిని ఆపినప్పుడు ఎవరికీ తేడా తెలియలేదు. ఒక్కరిని ఆపినప్పుడే సభ మొత్తానికి తెలిసింది. అందుచేత ఈ ఏడాది స్థానం ఆ ఒక్కరికే. ల్యాప్‌టాప్‌కు అభినందనలు. మిగతావారు దిగవచ్చు."

"వాళ్లు బాగుందన్నారు కదండీ!" అన్నాడు పిడుగు.

"బాగుందా అని చీటీలో అడగలేదండీ."

చివరికి కమిటీ కూడా రాతిగుండెది కాదు. ల్యాప్‌టాప్ తన మూత తాను తెరుచుకోలేదు గనుక, వేదిక మీద మూత తెరిచే సహాయకుడి స్థానం ఒకటి కొత్తగా మంజూరు చేసింది. ముగ్గురం తప్పుకుని పిడుగు చేత దరఖాస్తు పెట్టించాం. ముప్ఫై నాలుగేళ్ల వేదికానుభవం అని రాశాం. నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. అందులో మూతలు తెరిచిన అనుభవం ఎన్నేళ్లో విడిగా రాయాలట.